సున్నం గానుగ దగ్గర ప్లీడరు జంబుకరావు

ఏడుగుట్టల అడవిలో నల్లవాగుకు అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. పని పెద్దది కనుక పనివాళ్ళు బోలెడుమంది. పనివాళ్ళున్న చోట గుత్తేదారు ఉంటాడు, గుత్తేదారున్న చోట తగాదా ఉంటుంది, తగాదా ఉన్న చోటికి దారి అడక్కుండా వచ్చేవాడు ప్లీడరు. ఆ అడవిలో ప్లీడరు ఒక నక్క. పేరు జంబుకరావు.

నాకు ప్లీడర్ల మీద కక్షేమీ లేదు. మా మేనమామ ప్లీడరే, ఆయన పెట్టిన అన్నం తినే నేను చదువుకున్నాను. జంబుకరావు సంగతి వేరు. ఇరవై వానాకాలాల పాటు ఆయన కచేరీలో ఒక్క వైపే నిలబడ్డాడు. అది పని చేయించుకునేవాళ్ళ వైపు. పని చేసేవాళ్ళ వైపు పొరపాటున కూడా ఒక పూట నిలబడలేదు.

ఆయన పేరు మొదట మోగింది వడ్రంగిపిట్ట తలనొప్పి కేసులో. అడవిపంది తన కొట్టం దూలాలకు ఆ పిట్ట చేత తొర్రలు కొట్టించుకుంటోంది. పొద్దస్తమానం కొడితే తల పగిలిపోతోందనీ, మధ్యాహ్నం కాస్త విరామం ఇప్పించమనీ పిట్ట మొరపెట్టుకుంది.

జంబుకరావు లేచి, "ఇంటి దగ్గర కూడా తల కొట్టుకుంటావా లేదా?" అని అడిగాడు.

"కొట్టుకుంటానండి. నా గూడు నేనే తొలుచుకోవాలి కదా" అంది పిట్ట, ఉన్నమాట.

"విన్నారుగా. ఇంటి తలనొప్పి తెచ్చి పని నెత్తిన రుద్దుతోంది" అని కూర్చున్నాడు. పిట్టకు విరామం రాలేదు. ఆ తర్వాత గాడిద వీపు పుండు కేసులో, పుండు మూటల వల్ల రాలేదనీ, ఆ చర్మం తీరే అంతనీ తేల్చాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. గాడిద పుండు ప్లీడరుకు మాత్రం నొప్పేమిటి.

అన్నీ అన్యాయపు కేసులే అనను. కాలు విరిగిందని మూలుగుతూ పడుకున్న కోతి, పనసపండు కనపడగానే చెట్టు చివరికంటా ఎగబాకడం అందరికీ చూపించింది కూడా ఆయనే. ఆ పూట నేనక్కడ ఉంటే మెచ్చుకునేవాణ్ణి. యజమానికీ తన మాట చెప్పే నోరొకటి ఉండాలి, అది న్యాయమే. చిక్కేమిటంటే, ఆ కేసు గెలిచినప్పటినుంచి ఆయనకు పనివాళ్ళందరూ ఆ కోతిలాగే కనపడసాగారు.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాడు. పని జరిగే చోటికి చచ్చినా వెళ్ళేవాడు కాదు. "అక్కడికెళ్ళి చూస్తే జాలి పుడుతుంది. జాలి పుట్టాక వాదన నిలవదు" అనేవాడు. తనకు తెలియాల్సిందల్లా ఒక్కటేనట, అవతలివాడు ఎంత భయపడుతున్నాడన్నది. "భయపడ్డవాణ్ణి మనం ఓడించక్కర్లేదు. కాసేపు ఊరుకుంటే వాడే ఏదో ఒకటి చేసి ఓడిపోతాడు."

ఒకనాటి పొద్దున్నే ఆనకట్ట గుత్తేదారు ఎలుగుబంటి గుబురయ్య ఒక తేనెతుట్టె పట్టుకుని ఆయన బొరియ ముందుకు వచ్చాడు.

"ప్లీడరు గారూ, ఒక ఎద్దును పనిలోంచి తీసేశాను. వాడు కచేరీకెక్కాడు" అన్నాడు.

"ఎవడా ఎద్దు?"

"బొల్లన్న. పన్నెండేళ్ళుగా మా సున్నం గానుగ తిప్పుతున్నాడు."

"పన్నెండేళ్ళూ తిప్పినవాడు ఇప్పుడేం చేశాడు?"

"ఆగిపోయాడు. మిట్టమధ్యాహ్నం, గానుగ నిండా సున్నం ఉండగా, మధ్యలో నిలబడిపోయాడు. ముల్లుకర్రతో పొడిచాను, కదల్లేదు. వీపు వాచేలా కొట్టాను, కదల్లేదు. ఎండకు ఆ సున్నమంతా పిడచగట్టి పారబోసుకున్నాం."

"ఎందుకాగాడట?"

"గాడిలో ఏదో ప్రాణం ఉందంటాడు. నేను చూస్తే ఏమీ లేదు."

సున్నం గానుగ తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నేలమీద గుండ్రంగా రాతి గాడి ఒకటి కడతారు. అందులో సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు. గాడిలో నిలువెత్తు రాతి చక్రం దొర్లుతుంది. చక్రానికి ఒక దూలం, దూలం చివర కాడి, కాడి కింద ఎద్దు. ఎద్దు గాడి బయట గుండ్రంగా నడుస్తుంటే లోపల చక్రం సున్నాన్ని వెన్నలా నూరుతుంది. తిరిగి తిరిగి కళ్ళు తిరక్కుండా ఎద్దుకు గంతలు కడతారు. పొద్దున కట్టిన గంతలు పొద్దుగూకాకే విప్పుతారు. అంటే బొల్లన్న పన్నెండేళ్ళలో పగటి వెలుగు చూసింది ఆటవిడుపు రోజుల్లోనే.

"గంతలు కట్టుకున్న ఎద్దుకు గాడిలో ఏముందో తెలిసిందా?" జంబుకరావు తేనె నాకుతూ నవ్వాడు. "కేసు చేతికొచ్చినట్టే. ఆ రోజు గాడి దగ్గర ఇంకెవరున్నారు?"

"చారలమ్మని ఒక ఉడత. గట్టుకంటిన సున్నం గోకి లోపలికి తోసే పని ఆవిడది. ఆ సమయానికి కనపడలేదు."

జంబుకరావు మూతి తుడుచుకుని నేరుగా చారలమ్మ తొర్ర దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు గాడిలోకి జారిపడింది ఆవిడే. ఆ సంగతి ఆయన అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే వాదించడం కష్టం.

"చారలమ్మా, నువ్వేమీ చూడలేదు కదూ?" అన్నాడు.

ఉడత తొర్రలోకి వెనక్కి జరిగింది.

"ఒకవేళ ఎవరైనా గాడిలో పడ్డారే అనుకో. అది వాళ్ళ పరధ్యానం కదా. పరధ్యానంగా పనిచేసేవాళ్ళను గుబురయ్య ఉంచుకోడు. నీకు నలుగురు పిల్లలనుకుంటాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకానివి కాదు నువ్వు."

"నేనేమీ చూడలేదండి" అంది చారలమ్మ తలవంచుకుని. ఆ పూట ఆవిడ ఒక్క గింజ కూడా కొరకలేకపోయింది.

బుధవారం నేరేడు చెట్ల కింద కచేరీ జరిగింది. తీర్పు చెప్పేది ముసలి ఏనుగమ్మ. ఆవిడకు కోపం రాదు, తొందర లేదు. ఆవిడ కచేరీలో ఒక మర్యాద ఉంది. మాట్లాడేవాళ్ళెవరైనా సరే ఆవిడకు ఎదురుగా నిలబడాలి. ఆవిడ మాట్లాడుతుండగా వీపు తిప్పితే ఆ నాటికి ఇక మాట్లాడే హక్కు పోతుంది. ప్లీడరైనా అంతే.

బొల్లన్న ముందుకు వచ్చాడు. తెల్లటి ఒంటి మీద కర్ర దెబ్బలు వరసగా తేలి ఉన్నాయి.

"నువ్వేం కోరుతున్నావు?" అడిగింది ఏనుగమ్మ.

"తల్లీ, నన్ను సోమరినని చెప్పి తీసేశారు. ఆ మాట వాగు అవతల కూడా పాకింది. ఇంక నన్ను పనిలో పెట్టుకునేదెవరు? పని లేని ఎద్దును ఈ కంచె లోపల ఉండనివ్వరు. కంచె అవతల పులిగుట్ట. ఈ వయసులో నేను పరుగెత్తలేను."

పులిగుట్ట వైపు వెళ్ళిన ముసలి ఎద్దు ఏదీ తిరిగి రాలేదని అక్కడ అందరికీ తెలుసు.

"ఎందుకాగావు?"

"గాడిలో ఏదో ప్రాణం ఉంది తల్లీ."

జంబుకరావు లేచాడు. "అమ్మగారూ, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఈ ఎద్దు గంతల్లోంచి చూసిందంటే మనమూ నమ్మాలి కాబోలు." జనం కొంత నవ్వారు. "ఏమయ్యా బొల్లన్నా, నీ కళ్ళకు గంతలున్నాయా?"

"ఉన్నాయండి."

"గాడి నీకు కనపడుతుందా?"

"కనపడదండి."

"మరెలా తెలిసింది? కలగన్నావా?"

"మెడకు తెలుస్తుందండి."

"మెడకా?"

"ఇసుక ఎక్కువైతే కాడి ఒకలా లాగుతుందండి. సున్నం గడ్డ ఉంటే ఒకలా ఎగురుతుంది. రాయైతే తగిలి ఊరుకుంటుంది. ప్రాణమున్నదైతే వెనక్కి గుంజుకుంటుంది. ఆ గుంజుడు దూలంలోంచి మెడలోకి వస్తుంది. పన్నెండేళ్ళ నుంచి మోస్తున్నా కదండీ."

"ఆ ప్రాణం ఎవరిదో కూడా నీ మెడ చెప్పిందా?" అని ఏనుగమ్మ అడిగింది, నవ్వకుండా.

"కాడి పేరు చెప్పదు తల్లీ" అన్నాడు బొల్లన్న.

జనంలో వెనకగా కూర్చున్న చారలమ్మ తన తోకలో ముఖం దాచుకుంది.

ఏనుగమ్మ ఆలోచనలో పడటం చూసి జంబుకరావుకు ఒక ఎత్తు తట్టింది. "అమ్మగారూ, మాటలెందుకు, పరీక్ష పెడదాం. రేపు పొద్దున గానుగ దగ్గర బొల్లన్నకు గంతలు కట్టి తిప్పమనండి. ఏదో ఒక చుట్టులో నేను గాడిలో ఒక సొరకాయ పెడతాను. అది తెలిసి ఆగితే అతను గెలిచినట్టు. ఏమీ లేనప్పుడు ఆగాడా, సోమరి అని తేలినట్టే. అయితే ఒక్క షరతు. అతనికి ఎవరూ సైగ అందించకూడదు. పరీక్ష ముగిసేదాకా చూసేవాళ్ళెవరూ నోరెత్తకూడదు, ఏం జరిగినా సరే."

"బొల్లన్నా, నీకు సమ్మతమేనా?"

"సమ్మతమే తల్లీ. నాకు తెలిసిన పని అదొక్కటే."

దారిలో గుబురయ్య గుసగుసలాడాడు. "ప్లీడరు గారూ, నిజంగా మెడకు తెలుస్తుందేమో. సొరకాయ పెట్టగానే ఆగితే మన గతేంటి?"

"సొరకాయ పెడితే కదా. పెట్టను" అన్నాడు జంబుకరావు. "చుట్టుచుట్టుకూ గాడి దగ్గరికి వెళ్ళి పెట్టినట్టు వంగి వస్తాను. వాడికి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఈ చుట్టులో పెట్టాడేమో, ఆగకపోతే పులిగుట్టే కదా అని వణుకు పుడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగి తీరతాడు. ఖాళీ గాడి చూపిస్తాను. అంతే."

"అమ్మో, మీ బుర్ర" అన్నాడు గుబురయ్య, మెచ్చుకోలుగా.

మర్నాడు పొద్దున వాగొడ్డంతా నిండిపోయింది. ఆనకట్ట మీద రాళ్ళు మోసే గాడిదలు, మట్టి తొక్కే దున్నలు, ఇసుక జల్లించే కోళ్ళు, అందరూ పని మానుకుని వచ్చారు. తన కేసు ఓడిపోయిన వడ్రంగిపిట్ట కూడా వచ్చి ఒక కొమ్మ మీద కూర్చుంది. ఏనుగమ్మ ఒడ్డునున్న దిబ్బ మీద నిలబడింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పని జరిగే చోటికి వచ్చిన జంబుకరావు సున్నపు తడిలో కాలు జారి రెండుసార్లు తూలాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని సణుక్కుంటూ పాదాలు దులుపుకున్నాడు.

బొల్లన్నకు గంతలు కట్టారు. మెడ మీద కాడి వేశారు. గుబురయ్య వెనక ముల్లుకర్ర పట్టుకుని, "నడు" అన్నాడు. చక్రం కదిలింది.

మొదటి చుట్టు తిరిగింది. జంబుకరావు సొరకాయ చంకలో పెట్టుకుని గాడి దగ్గరికి వెళ్ళి, చప్పుడయ్యేలా వంగి, లేచి, మళ్ళీ సొరకాయతోనే వచ్చేశాడు. బొల్లన్న ఆగలేదు. రెండో చుట్టులోనూ అంతే. ఐదో చుట్టుకు బొల్లన్న మెడ మీద చెమట కారుతోంది. అయినా ఒకే నడక. ఎనిమిది చుట్లయ్యాయి. పది దాటాయి. జంబుకరావుకే నడుం నొప్పి పుట్టింది. భయపడ్డవాడు ఊహిస్తాడనుకున్నాడు. ఈ ఎద్దు భయపడుతూనే ఉన్నాడు కానీ ఊహించడం లేదు.

పదకొండో చుట్టులో ఆయన గాడి గట్టు మీద ఉండగా ఏనుగమ్మ పిలిచింది.

"ప్లీడరు గారూ, ఇంకా ఎన్ని చుట్లు తిప్పుతారు?"

ఆవిడ మాట్లాడింది కనుక ఎదురుగా తిరగాలి. జంబుకరావు గట్టు మీదే గిరుక్కున తిరిగి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు, గాడికి వీపు పెట్టి. ఒక్క మాటలో జవాబు చెప్పి దిగిపోవచ్చు. కానీ ఎదురుగా అంత జనం, దిబ్బ మీద న్యాయమూర్తి, తనేమో ఎత్తైన గట్టు మీద. ప్లీడరన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి. ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"అమ్మగారూ, సత్యానికి తొందర ఉండదు. యజమాని అన్నవాడు ఒక చెట్టు లాంటివాడు. ఆ చెట్టు నీడన బతికే పనివాడు..."

మాట సాగుతున్నకొద్దీ ఆయన తోక ఊగుతూ కిందికి వాలింది. వాలి వాలి గాడిలో పడింది. కొస తడి సున్నంలో కూరుకుంది. ఆయన గమనించలేదు. జనమంతా చూశారు. ఎవరూ నోరెత్తలేదు, ఎత్తకూడదని షరతు పెట్టింది ఆయనే కదా. గాడిదలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక కోడి రెక్కతో ముక్కు మూసుకుంది.

బొల్లన్న చుట్టు తిరిగి వచ్చాడు. గట్టు బయటి దారిన జంబుకరావు ముందునుంచే నడిచిపోయాడు. దూలం ప్లీడరు గారి తల మీదుగా పైనుంచి వెళ్ళింది. వెనక రాతి చక్రం దొర్లుకుంటూ వచ్చి, తోక కొసను తాకింది. అంతే, బొల్లన్న నాలుగు కాళ్ళూ బిగబట్టి ఆగిపోయాడు.

జంబుకరావు ముఖం వెలిగిపోయింది. చంకలోంచి సొరకాయ తీసి పైకెత్తాడు.

"చూశారా అమ్మగారూ. సొరకాయ నా చేతిలో ఉంది. గాడిలో ఏమీ లేదు. ఆగిపోయాడు. సోమరితనం గంతల వెనక దాక్కుంటే దాగుతుందా?"

"నడు" అని గుబురయ్య ముల్లుకర్రతో పొడిచాడు. చక్రానికి ఇవతల ఎద్దు వెనక ఉన్న అతనికి తోక కనపడలేదు. బొల్లన్న కదల్లేదు. కర్ర తిప్పి వీపు మీద కొట్టాడు. ఎద్దు ఒళ్ళు జలదరించింది కానీ కాలు కదపలేదు.

"గట్టిగా కొట్టు గుబురయ్యా, అందరూ చూడనీ" అన్నాడు జంబుకరావు. "ఇంకో దెబ్బ వెయ్యి. అదిలించు. ముందుకు నడిపించు."

అప్పుడు బొల్లన్న గంతల లోంచే అన్నాడు. "అయ్యా, గుబురయ్యగారూ, కొడితే కొట్టండి. నేను అడుగేస్తే ఎవరో నలిగిపోతారు. గాడిలో ప్రాణముంది."

"ఎక్కడుంది?" అని హేళనగా అంటూ జంబుకరావు న్యాయమూర్తికి దణ్ణం పెట్టడానికి ఒక అడుగు ముందుకు వెయ్యబోయాడు. పడలేదు. మళ్ళీ వెయ్యబోయాడు. వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టయింది. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు. నేను ఆ సామెత ఎన్నోసార్లు విన్నాను కానీ అంత అచ్చంగా జరిగిన చోటు మాత్రం ఇదొక్కటే.

మెల్లగా మెడ తిప్పి చూసుకున్నాడు. తన తోక మీద రాతి చక్రం. బొచ్చు చక్రం కిందికి పోయింది. ఎముకకూ రాతికీ మధ్య వేలెడు సందుంది. సున్నం చురచుర అంటుకోవడం అప్పుడు తెలిసింది.

"కొట్టకు గుబురయ్యా" అన్నాడు. "కర్ర కింద పడెయ్యి. బొల్లన్నా, నాయనా, నా తోక చక్రం కింద పడింది, ఒక్కడుగు వెనక్కి వెయ్యి."

"వెనక్కి వెయ్యలేనండి" అన్నాడు బొల్లన్న. "వెనక్కి తోస్తే చక్రం మొదట ఒక ఊపు ముందుకు ఊగి అప్పుడు వెనక్కొస్తుంది. ఆ ఊపులో మీ తోకంతా పోతుంది. నేను ఇలాగే పట్టి ఉంటాను. ఎవరైనా చక్రం ముందరి సున్నం తవ్వాలి. కానీ ఎక్కువసేపు పట్టలేను, వీపు మండుతోంది."

గుబురయ్య పార తెచ్చాడు. పార తిన్నగా పడితే తోక తెగుతుంది. దున్నలు కాళ్ళతో తొక్కి తీస్తామన్నారు. జంబుకరావు వద్దని కళ్ళు మూసుకున్నాడు. బొల్లన్న కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

జనంలోంచి చారలమ్మ గబగబా వచ్చి గాడిలోకి దూకింది.

"కదలకండి ప్లీడరు గారూ. గుంజకండి. గుంజితే ఇంకా దిగుతుంది" అంది. చక్రం పక్కనుంచి ఏటవాలుగా, అడుగునుంచి పైకి సున్నం తవ్వడం మొదలుపెట్టింది. ముందు అడుగున సందు చేసి, నోటితో ఇసుక తెచ్చి ఆ సందులో పోసి, పైన మెల్లగా తవ్వింది. చక్రం కిందికి జారకుండా ఇసుక నిలబెట్టింది. అంత తొందరలోనూ ఆవిడ చేతులకు ఎక్కడా తడబాటు లేదు.

ఏనుగమ్మ దిబ్బ దిగి దగ్గరికి వచ్చింది. "ఉడతమ్మా, ఇలా తవ్వాలని నీకెలా తెలుసు?"

చారలమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ప్లీడరు గారి వైపు చూసింది, గుబురయ్య వైపు చూసింది. మళ్ళీ తవ్వుతూ చెప్పింది.

"ఆ రోజు నన్ను నేను ఇలాగే తవ్వుకున్నాను తల్లీ. గట్టు తడిగా ఉండి జారి పడ్డాను. నడుం దాకా దిగబడిపోయాను. చక్రం నా మీదికి వచ్చి ఇంత దూరంలో ఆగింది. గుబురయ్యగారు బెల్లం నీళ్ళ కుండ దగ్గర ఉన్నారు, చూడలేదు. వచ్చి కొట్టడం మొదలుపెట్టారు. చక్రం చాటున ఆ దెబ్బలు వింటూ తవ్వుకున్నాను. బయటపడగానే ఒళ్ళు మండిపోతుంటే వాగులోకి పరుగెత్తాను. ఇన్నాళ్ళూ భయపడి చెప్పలేదు. నా కోసం దెబ్బలు తిన్న పెద్దాయనకు అన్యాయం చేశాను."

అలవాటు చొప్పున జంబుకరావు నోరు దానంతటదే తెరుచుకుంది. "అమ్మగారూ, ఈ సాక్ష్యానికి అభ్యంతరం..."

"అభ్యంతరం ఉందా ప్లీడరు గారూ?" అడిగింది ఏనుగమ్మ.

ఆయన వెనక్కి చూసుకున్నాడు. ఉడత ఇంకా తవ్వుతోంది. ఎద్దు ఇంకా పట్టి ఉన్నాడు.

"లేదమ్మా" అన్నాడు.

ఇంకో పది గుప్పిళ్ళు తవ్వాక తోక ఊడివచ్చింది. కొసన బొచ్చంతా గాడిలోనే ఉండిపోయింది. జంబుకరావు దూకి అవతల పడ్డాడు, చారలమ్మ గట్టు మీదికి ఎగిరింది. అప్పుడు బొల్లన్న ఊపిరి వదిలి ఒక్కడుగు ముందుకేశాడు. చక్రం కిర్రుమని కదిలింది. జనం అంతసేపూ ఆపుకున్న కేక ఒక్కసారిగా వేశారు. కొమ్మ మీది వడ్రంగిపిట్ట ఆనందం పట్టలేక టకటకా నాలుగు దెబ్బలు కొట్టింది.

ఏనుగమ్మ స్వయంగా తొండంతో బొల్లన్న గంతలు విప్పింది.

"గాడిలో ఏమీ పెట్టలేదని ప్లీడరు గారు అన్నారు" అంది నెమ్మదిగా. "అయినా నీ మెడకు తెలిసింది. సోమరి అన్న మాట ఈ రోజుతో చెల్లదు. నీ పని నీది. కొట్టం నీది. ముసలితనం వచ్చి కాడి దింపిన రోజున కూడా నిన్ను కంచె దాటించే హక్కు ఎవరికీ లేదు. చారలమ్మ పని జోలికి వెళ్ళినా ఊరుకోను. బొల్లన్నా, ఇంకేమైనా కావాలా?"

వెలుతురుకు కళ్ళు చికిలిస్తూ బొల్లన్న చుట్టూ చూశాడు. తను పన్నెండేళ్ళు తిరిగిన చోటు ఎలా ఉంటుందో నిదానంగా చూసుకున్నాడు.

"గాడి చుట్టూ మోకాలెత్తు గోడ కట్టించండి తల్లీ. ఎవరూ జారి పడకుండా. ఈ మెడ ఎంతకాలం చెబుతుందో నాకే తెలియదు, ముసలివాణ్ణవుతున్నాను."

ఆ గోడ గుబురయ్యే కట్టాడు, తన చేతులతో, అందరూ చూస్తుండగా. సున్నం బొల్లన్న నూరాడు. చారలమ్మ అందించింది. మూడో రోజు సాయంత్రానికి గుబురయ్య నడుం పట్టేసి, మధ్యాహ్నం ఒక గంట పని ఆపితే ఏమవుతుందని తనే అన్నాడు. అప్పటినుంచి ఆనకట్ట మీద మధ్యాహ్నపు విరామం మొదలైంది.

జంబుకరావు ప్లీడరు పని మానలేదు. ఇప్పటికీ యజమానుల తరఫునే వాదిస్తాడు. కాకపోతే, ఆ మధ్య ఒక మొసలి తెప్పలు లాగే తాబేళ్ళు మొరాయిస్తున్నాయన్న ఫిర్యాదుతో, పెద్ద చేపను పట్టుకుని వచ్చిందట. ఆయన చేపను ముట్టుకోలేదు.

"ఆ తాబేళ్ళు లాగే తాడు ఎక్కడుంది?" అని అడిగాడు.

"తాడుతో మీకేం పని ప్లీడరు గారూ?"

"ఒక పూట నేను లాగి చూస్తాను. ఆ తర్వాత కేసు ఉందో లేదో చెప్తాను."

సాయంత్రానికి భుజాలు కొట్టుకుపోయి, అరచేతులు బొబ్బలెక్కి, బోడితోక ఈడ్చుకుంటూ రేవులోంచి పైకి వచ్చాడు. కేసు లేదన్నాడు. చేప తిరిగిచ్చేశాడు. మొసలి విసుక్కుంటూ వెళ్ళి కొత్త తాడు కొన్నది. అలా కచేరీకి ఎక్కకుండానే తీరిపోయిన తగాదాలు ఆ ఏడు చాలానే ఉన్నాయట.

నీతి: పని తెలిసినవాడికి గంతలు కట్టినా తెలుస్తుంది, పని తెలియకుండా తీర్పులు చెప్పేవాడికి కళ్ళు తెరిచి ఉన్నా తన తోక తనకే కనపడదు.